పాత స్పీకర్ల జత, కొత్త హోం థియేటర్

ఇంట్లోకి కొత్త ఏవీ రిసీవర్ రాగానే పాత స్టీరియో స్పీకర్లను ఏం చేయాలన్న ప్రశ్న లేస్తుంది. దీని మీద జరుగుతున్న వాదం ఇప్పుడు బాగా చిక్కుపడిపోయింది. పాత బాక్సుల్లో ఉన్న నిండుతనం కొత్తవాటిలో లేదని ఒకరంటారు. పాతవి తగిలిస్తే రిసీవర్ కాలిపోతుందని మరొకరు భయపెడతారు. సాఫ్ట్‌వేర్ అన్నీ సరిచేస్తుందని ఇంకొకరు భరోసా ఇస్తారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది, అయితే ముగ్గురూ మాట్లాడేది ఒకే సంగతి గురించి కాదు. తీరాంధ్రలో ఈ ప్రశ్నకు ఒక ప్రత్యేకత కూడా ఉంది. ఇక్కడి ఇళ్లలో మిగిలిన 1970, 80ల నాటి స్పీకర్లలో కొన్ని గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లు తెచ్చిన జపాన్ సెట్లవి. కొన్ని ఓడల మీద తిరిగినవాళ్లు తెచ్చినవి. కొన్ని 1970లో కలకత్తాలో మొదలైన సోనోడైన్ లాంటి దేశీ కంపెనీలవి. ఇవి కాక వడ్రంగి చేత ప్లైవుడ్ పెట్టె చేయించి, ఊఫరూ ట్వీటరూ విడిగా కొని బిగించుకున్న అసెంబుల్డ్ సెట్లున్నాయి. అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న రాజయ్యపేట లాంటి ఊళ్లో ఈ పెట్టెలు దశాబ్దాల తరబడి ఉప్పుగాలి పీల్చి ఉంటాయి. పొడి వాతావరణపు దేశాల్లో కూర్చుని రాసిన సలహాల్లో ఈ ఉప్పుగాలి లెక్కకు రాదు.

ఈ వ్యాసం వాదన ఇది: బాగున్న పాత జతకు హోం థియేటర్‌లో ముందు వరుసే తగిన చోటు. ఆ జత మధ్యలో దానితో కలవని సెంటర్ స్పీకర్‌ను ఇరికించడమే అసలు పొరపాటు. పాడైన జతను మాత్రం బాగుచేయించకుండా ఎక్కడ పెట్టినా ప్రయోజనం లేదు.

రెండా, మూడా: తొంభై ఏళ్ల నాటి తగువు

ఈ వివాదానికి మూలం హోం థియేటర్ కన్నా చాలా పాతది. 1931లో ఇంగ్లండ్‌లో ఈఎంఐ ఇంజినీరు ఆలన్ బ్లూమ్‌లైన్ రెండు చానళ్ల స్టీరియోకి పేటెంట్ దాఖలు చేశాడు. రెండేళ్లు తిరక్కుండానే, 1933 ఏప్రిల్‌లో, అమెరికాలో బెల్ ల్యాబ్స్ మరో దారి చూపింది. ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న ఆర్కెస్ట్రాను టెలిఫోన్ తీగల మీద వాషింగ్టన్‌కు మూడు చానళ్లలో పంపి వినిపించింది. మూడోది ఎందుకన్నదానికి వాళ్ల దగ్గర గట్టి కారణముంది. రెండు స్పీకర్లకూ సరిగ్గా మధ్యన కూర్చున్నవాడికి గాయకుడి గొంతు నడిమధ్య నుంచి వస్తున్నట్టే ఉంటుంది. పక్కకు జరిగి కూర్చున్నవాడికి అదే గొంతు దగ్గరి స్పీకర్ వైపు జారిపోతుంది, ఎందుకంటే ముందుగా చెవికి చేరిన శబ్దం వైపే మెదడు మొగ్గుతుంది. వందల మంది కూర్చునే హాలుకు ఇది పెద్ద లోపం.

సినిమా మూడు చానళ్ల దారి పట్టింది. 1953లో సినిమాస్కోప్‌తో వచ్చిన 'ద రోబ్' నాలుగు మాగ్నెటిక్ ట్రాకుల్లో నడిచింది: తెర వెనక మూడు, హాల్లో ఒకటి. తెలుగులో 1986 నాటి 'సింహాసనం' 70 ఎంఎం తెర మీద ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ శబ్దాన్ని తెచ్చింది. ఇల్లు మాత్రం రెండు దగ్గరే ఆగింది. దానికి కారణం సిద్ధాంతం కాదు, వస్తువు స్వభావం. 1950ల చివర వచ్చిన స్టీరియో రికార్డు గాడికి రెండు గోడలుంటాయి, ఒక్కో గోడ మీద ఒక్కో చానల్ పడుతుంది, మూడోదానికి చోటు లేదు. ఇంటి స్పీకర్ల వాడకమంతా ఆ రెండింటి చుట్టూనే స్థిరపడింది. 1954లో ఎడ్గర్ విల్చర్ గాలి చొరని మూసిన పెట్టెతో తెచ్చిన అకూస్టిక్ రీసెర్చ్ ఏఆర్-1, స్టూడియో మానిటర్‌ను ఇంటికి మలిచి 1970లో జేబీఎల్ విడుదల చేసిన ఎల్-100, బీబీసీ తన ప్రసార వాహనాల కోసం చేయించిన ఎల్ఎస్3/5ఏ ఒకదానితో ఒకటి పోలిక లేనివే. అయినా స్టీరియో వచ్చాక ఇళ్లలో వీటిని వాడిన తీరు ఒక్కటే: వినేవాడి ముందు రెండు స్పీకర్లుంటాయి, గొంతు వాటి నడుమ ఖాళీలో పుడుతుంది.

1982లో డాల్బీ సరౌండ్, 1987లో ప్రో లాజిక్, ఆ తర్వాత డీవీడీతో 5.1 ఇళ్లలోకి వచ్చాయి. తొంభై ఏళ్ల కిందట విడిపోయిన రెండు దారులు అలా ఒకే గదిలో కలిశాయి. సినిమా మూడడిగింది, ఇంట్లో రెండే ఉన్నాయి. పాత స్పీకర్ల గురించి ఇప్పుడు నడుస్తున్న వాదమంతా ఈ లెక్క కుదరకపోవడంలోంచి వచ్చిందే.

ఓములు, వాట్లు: తేలిపోయిన పంచాయితీ

ఎక్కువ గొడవ జరిగేది విద్యుత్తు దగ్గర. నిజానికి అక్కడ తేలనిది చాలా తక్కువ. స్పీకర్ వెనక 8 ఓములని ఉంటే ఏ రిసీవరైనా నడుపుతుంది. నేటి రిసీవర్లలో చాలావాటికి 6 ఓముల దాకా అనుమతి ఉంటుంది. ఏఆర్-3ఏ లాంటి 4 ఓముల స్పీకర్ దగ్గరే జాగ్రత్త పడాలి. అదే వోల్టేజీకి 8 ఓముల స్పీకర్ లాగే కరెంటుకు అది రెట్టింపు లాగుతుంది. ఒకే పవర్ సప్లై మీద ఏడు చానళ్లు నడిచే రిసీవర్ గట్టి శబ్దం దగ్గర వేడెక్కి ఆగిపోతుంది. దీనికి మందు తెలిసిందే: ప్రీ-అవుట్ సాకెట్లున్న రిసీవర్ కొని, ఆ జతకు విడిగా ఒక స్టీరియో ఆంప్లిఫయర్ పెట్టాలి. వేసవిలో గది ఉష్ణోగ్రతే ముప్పై అయిదు దాటే చోట రిసీవర్ చుట్టూ గాలాడే జాగా వదలడం కూడా ఈ మందులో భాగమే.

వాట్ల భయం మరింత తక్కువ. 30 వాట్లని రాసి ఉన్న స్పీకర్‌ను 100 వాట్ల రిసీవర్‌కి తగిలించగానే అది కాలిపోదు. స్పీకర్‌లోకి వెళ్లే శక్తిని నిర్ణయించేది వాల్యూమ్. పైగా పాత పెద్ద స్పీకర్లలో కొన్ని తక్కువ శక్తికే గట్టిగా పలుకుతాయి. ఒకే శక్తికి ఒకటి 88 డెసిబెల్స్, ఇంకొకటి 97 పలుకుతుంటే, ప్రతి 3 డెసిబెల్స్‌కూ శక్తి రెట్టింపవుతుంది కాబట్టి మొదటిదానికి ఎనిమిది రెట్లు వాట్లు కావాలి. చిన్న కొత్త స్పీకర్లే రిసీవర్‌ను ఎక్కువ శ్రమ పెడతాయన్నమాట.

అసలు ప్రమాదం మరోచోట ఉంది, దాన్ని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. 5.1లో ఆ '.1' చానల్ పేలుళ్లకూ ఉరుములకూ కేటాయించినది. సబ్ ఊఫర్ లేదని రిసీవర్‌కి చెబితే ఆ బరువంతా ముందున్న జత మీద పడుతుంది. గ్రామఫోన్ రికార్డునూ క్యాసెట్‌నూ దృష్టిలో పెట్టుకుని చేసిన కోన్ 25 హెర్ట్జ్ కంపనానికి హద్దు మీరి ఊగుతుంది. వెనకో ముందో రంధ్రమున్న పెట్టెలైతే తమ స్వరానికి కింద కోన్‌ను పట్టి ఉంచే గాలి ఒత్తిడిని కోల్పోతాయి, కాబట్టి అక్కడ హాని ఇంకా ఎక్కువ. అందుకే ఎంత పెద్ద పాత స్పీకరైనా రిసీవర్ సెట్టింగుల్లో దాన్ని 'స్మాల్' అని చెప్పి, 80 హెర్ట్జ్ కింది శబ్దాన్ని కొత్త సబ్ ఊఫర్‌కి అప్పగించాలి. దీన్ని పాత స్పీకర్లకు చేసే అవమానంగా భావించే అభిమానులున్నారు. నిజానికి వాటి ఆయుష్షు పెంచే పని ఇదే. 1970లలో చాలామంది యజమానులకు లేని రక్షణ ఇది.

కొత్త టీవీ తెచ్చిన మేలు ఇంకొకటుంది. గాజు గొట్టపు టీవీ రోజుల్లో పెద్ద అయస్కాంతమున్న స్పీకర్‌ను పక్కన పెడితే తెర మీద రంగులు చెదిరేవి. 1990ల హోం థియేటర్ స్పీకర్లకు అయస్కాంత కవచం పెట్టింది అందుకే. ఎల్ఈడీ టీవీతో ఆ అడ్డంకి పోయింది.

మూడు పక్షాలు

విద్యుత్తును పక్కన పెడితే మిగిలేది శబ్దపు గుణం. ఇక్కడ మూడు పక్షాలున్నాయి. మొదటిది ఒకే జాతి పక్షం: ముందున్న మూడు స్పీకర్లూ ఒకే కంపెనీవి, ఒకే వరుసవి కావాలి, లేకపోతే తెర మీద ఎడమ నుంచి కుడికి పోయే కారు మధ్యలో మరో కారుగా వినిపిస్తుందంటుంది. రెండోది సర్దుబాటు పక్షం. ఆడిసీ, యమహా వారి వైపావో, డిరాక్ లాంటి పద్ధతులు చిన్న మైకుతో గదిని కొలిచి, ఒక్కో స్పీకర్ దూరాన్నీ మోతనూ స్వరాన్నీ సరిచేస్తాయి కాబట్టి జాతి భేదం పెద్ద సమస్య కాదంటుంది. మూడోది వేరు కాపురం పక్షం: పాటకు పాత జత, పాత ఆంప్లిఫయర్, సినిమాకు కొత్త సెట్, ఒకదానితో ఒకటి కలపవద్దంటుంది.

మూడో పక్షం గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. జాగా, డబ్బు ఉన్నవాళ్లకు అది మంచి దారే. పది పన్నెండు అడుగుల ముందుగదిలో టీవీ, మంచం, బీరువా అన్నీ ఉండే ఇంట్లో రెండు సెట్లకు చోటుండదు. అసలు పోటీ మొదటి రెండింటి మధ్యనే.

సర్దుబాటు పక్షం బలం నిజమైనదే, దాని హద్దూ నిజమైనదే. కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లోనూ, తర్వాత హార్మన్ కంపెనీలోనూ ఫ్లాయిడ్ టూల్ దశాబ్దాల పాటు స్పీకర్లను తెర చాటున ఉంచి శ్రోతలకు వినిపించాడు. స్పీకర్ నేరుగా ముందుకు పంపే శబ్దంతో పాటు పక్కలకు వెదజల్లే శబ్దం కూడా నునుపుగా, ఒకే తీరులో ఉన్నవాటినే శ్రోతలు ఎక్కువగా మెచ్చుకున్నారని ఆ పరిశోధన తేల్చింది. సాఫ్ట్‌వేర్ ముందుకొచ్చే శబ్దాన్ని మార్చగలదు. పక్కలకు వెళ్లే శబ్దానికీ ముందుకొచ్చే శబ్దానికీ ఉన్న తేడాను మార్చలేదు, ఎందుకంటే అది ఊఫర్ వెడల్పులోనూ పెట్టె ఆకారంలోనూ ఉంది. పన్నెండంగుళాల పాత ఊఫర్ మధ్యస్వరాల దగ్గరికి వచ్చేసరికి శబ్దాన్ని ముందుకే ఇరుకుగా పంపుతుంది. కొత్త సెంటర్‌లోని నాలుగంగుళాల కోన్ అదే స్వరాన్ని వెడల్పుగా చిమ్ముతుంది. టైల్స్ పరిచి, సిమెంటు గోడలు నున్నగా పూసి, తివాచీ లేని మన గదుల్లో చెవికి చేరే దానిలో ప్రతిధ్వనుల వాటా పెద్దది, కాబట్టి ఈ తేడా ఇక్కడ మరింత బయటపడుతుంది. కాబట్టి ముందు మూడింటి విషయంలో ఒకే జాతి పక్షం మాటే నెగ్గుతుంది. వెనక స్పీకర్ల విషయంలో సర్దుబాటు పక్షం నెగ్గుతుంది. వెనక నుంచి వచ్చేది ఎక్కువగా వాన, జనసందోహం, నేపథ్య సంగీతం కాబట్టి అక్కడ చిన్న కొత్త స్పీకర్లు చాలు.

కొలతల్లో ఒక సంగతి మరిచిపోతుంటారు. పాత జేబీఎల్ స్పీకర్లలో చాలావాటిని ఎర్ర టెర్మినల్‌కు ప్లస్ ఇస్తే కోన్ వెనక్కి కదిలేలా చేశారు. మిగతా లోకం ముందుకు కదిలేలా చేసింది. రెండూ కలిపితే సబ్ ఊఫర్ కలిసే చోట బేస్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. రిసీవర్ 'ఫేజ్' తప్పని హెచ్చరిస్తే దాన్ని దాటేయకుండా ఆ జతకు రెండు తీగలూ తిప్పి కలపాలి.

గొంతు ఎక్కడి నుంచి రావాలి

ఒకే జాతి పక్షాన్ని ఒప్పుకున్నాక, నలభై ఏళ్ల నాటి జతకు జోడైన సెంటర్ ఎక్కడ దొరుకుతుంది? దొరకదు. అదే మోడల్ స్పీకర్ ఒంటరిగా ఒకటి సంపాదించినా టీవీ కింద నిలబెట్టే ఎత్తు ఉండదు. ఇక్కడే ఎక్కువమంది జతను అమ్మేస్తారు, లేదా ఏదో ఒక సెంటర్ పెట్టి సరిపెట్టుకుంటారు. మూడో మార్గం ప్రతి రిసీవర్‌లోనూ ఉంది: సెంటర్ లేదని చెప్పడం. అప్పుడు మాటలన్నీ రెండు ముందు స్పీకర్లకూ సమానంగా పంచబడి, బ్లూమ్‌లైన్ నాటి పద్ధతిలో నడిమధ్య నుంచి వినిపిస్తాయి. మాట, పాట, కారు అన్నీ ఒకే గొంతుతో పలుకుతాయి.

దీని మీద మూడు అభ్యంతరాలున్నాయి, మూడూ తేలిగ్గా కొట్టిపారేయదగ్గవి కావు. మొదటిది బెల్ ల్యాబ్స్ చెప్పిందే: పక్కన కూర్చున్నవాళ్లకు మాట జారిపోతుంది. అయితే వందల మంది హాలుకూ ముగ్గురు నలుగురు కూర్చునే గదికీ తేడా ఉంది. స్పీకర్లను బాగా లోపలికి తిప్పి, వాటి చూపు కూర్చునేవాళ్ల కన్నా కాస్త ముందే కలిసేలా పెడితే, ఎడమవైపు కూర్చున్నవాడికి దూరపు కుడి స్పీకర్ ఎదురుగా పలుకుతూ దగ్గరిదాని మోతను కొంత సరిచేస్తుంది. పాత పెద్ద ఊఫర్ల ఇరుకైన వ్యాప్తి, సెంటర్ పక్కన లోపమైనది, ఇక్కడ గుణంగా మారుతుంది. రెండోది శాస్త్రీయమైనది. ఒకే మాట రెండు చోట్ల నుంచి రెండు చెవులకూ చేరినప్పుడు కొద్దిపాటి కాలభేదం వల్ల 2,000 హెర్ట్జ్ దగ్గర ఒక పల్లం పడుతుంది, మాట స్పష్టత కాస్త తగ్గుతుంది. టూల్ కూడా దీన్ని ఎత్తిచూపాడు. గదిలోని ప్రతిధ్వనులు ఆ పల్లాన్ని కొంత పూడుస్తాయని కూడా చెప్పాడు. మూడోది అన్నిటికన్నా గట్టిది: నేటి తెలుగు సినిమాల్లో నేపథ్య సంగీతం హోరెత్తి మాట వినపడనప్పుడు జనం చేసే పని సెంటర్ ఒక్కదాన్నీ పెంచుకోవడం. సెంటర్ లేకపోతే ఆ వీలు పోతుంది. వినికిడి తగ్గిన పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది నిజమైన నష్టం. అక్కడ పాత జతను సంగీతానికే పరిమితం చేసి, సినిమాకు జాతి కలిసిన కొత్త మూడు స్పీకర్లు పెట్టుకోవడమే న్యాయం.

పాటల వైపు చూస్తే వాదం పూర్తిగా పాత జత వైపే మొగ్గుతుంది. ఘంటసాల 1974లో వెళ్లిపోయారు. ఆయన సినిమా పాటలు దాదాపు అన్నీ మోనో. మోనో పాటను రిసీవర్‌లో 'డాల్బీ సరౌండ్' మోడ్‌లో పెడితే ఎడమ కుడి రెండూ ఒకటేనని గ్రహించి అది పాట మొత్తాన్ని సెంటర్ స్పీకర్‌కి పంపుతుంది. అటక మీంచి దించి, తుడిచి, ఆశగా తగిలించిన పెద్ద స్పీకర్లు మౌనంగా ఉంటాయి, పాట టీవీ కింది చిన్న పెట్టెలోంచి పలుకుతుంది. కొత్త సెట్‌లో పాత పాటలు పీలగా ఉన్నాయన్న ఫిర్యాదుల్లో కొన్నింటికి ఇదే కారణం కావచ్చు. రిమోట్ మీద 'స్టీరియో' లేదా 'డైరెక్ట్' నొక్కితే పోయే జబ్బు ఇది.

సినిమాల విషయంలో దీనికి ఎదురు ఉదాహరణ ఒకటుంది. 1957 నాటి 'మాయాబజార్'ను 2010లో రంగుల్లో మళ్లీ విడుదల చేసినప్పుడు దాని మోనో శబ్దాన్ని డీటీఎస్‌లోకి మార్చారు. పాత శబ్దాన్ని కొత్త హాలుకు తగినట్టు విస్తరించడం తప్పని అనలేం, ఒక తరం ఆ సినిమాను పెద్ద తెర మీద చూసింది అందువల్లే. ఇంట్లో మాత్రం మోనో మూలాన్ని మోనోగా, రెండు మంచి స్పీకర్ల మధ్య నిలబెట్టి వినడమే దానికి ఎక్కువ నిజాయితీగా ఉంటుంది. 2015 నాటి 'బాహుబలి' లాంటి అట్మాస్ సినిమాకు లెక్క వేరు, దానికి పైకప్పు నుంచి కూడా శబ్దం కావాలి. ఆ పై స్పీకర్లు ఏ జాతివైనా పాత జతకు పెద్దగా అడ్డం రావు.

ఉప్పుగాలి లెక్క

ఇంతవరకూ చెప్పిందంతా స్పీకర్ బాగుందని అనుకుని చెప్పింది. రాజయ్యపేట లాంటి చోట ఆ అనుకోవడమే ముందు పరీక్షకు నిలవాలి. 1970, 80ల స్పీకర్లలో చాలావాటి కోన్ అంచు చుట్టూ పాలీయురిథేన్ ఫోమ్ ఉండేది. గాలిలోని తేమ ఆ పదార్థాన్ని రసాయనికంగా విడగొడుతుంది. ఎండ పడని, ఎవరూ వాడని స్పీకర్‌లో కూడా అది ఇరవై ఏళ్లలోపే జిగురుగా మారి, ముట్టుకుంటే పొడిగా రాలిపోతుంది. గుడ్డ అంచులూ రబ్బరు అంచులూ చాలా కాలం నిలుస్తాయి. అసెంబుల్డ్ సెట్లలోని గుడ్డ అంచు ఊఫర్ ఖరీదైన విదేశీ ఫోమ్ అంచు ఊఫర్ కన్నా మంచి స్థితిలో దొరకవచ్చు.

ఉప్పు చేసే పని వేరు. కాయిల్ కదిలే సన్నని సందు చుట్టూ ఉన్నది ఇనుము. దాని పూత లేచిపోతే తుప్పు రేణువులు సందులో చేరి కాయిల్‌ను గీకుతాయి. కోన్‌ను రెండు వేళ్లతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కితే గరగర వినిపిస్తే అదే. టెర్మినల్ రాగి పచ్చబడి కనెక్షన్ వదులవుతుంది. చెక్కపొడి బోర్డు తేమకు ఉబ్బి పెట్టె కీళ్లు విడిపోతాయి, గాలి కారుతుంది. మూసిన పెట్టె పద్ధతిలో గాలి కారిందంటే బేస్ పోయినట్టే. శబ్దాన్ని ఊఫర్‌కీ ట్వీటర్‌కీ పంచే క్రాసోవర్‌లోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు సముద్రంతో పని లేకుండానే ఎండిపోతాయి, ట్వీటర్ మందగిస్తుంది. 'పాత స్పీకర్ల మెత్తదనం' అని మెచ్చుకునేదానిలో కొంత ఈ ఎండిన కెపాసిటర్ల పుణ్యమే, దాన్ని గుణమనుకోవడం ఆ స్పీకర్‌ను రూపొందించిన ఇంజినీరుకే అన్యాయం.

ఇవన్నీ బాగుచేయదగ్గవే. ఫోమ్ అంచు మార్చవచ్చు, కాయిల్ పోతే రీకోన్ చేయించవచ్చు, కెపాసిటర్లు అదే విలువవి కొత్తవి వేయవచ్చు. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్ లాంటి చోట్ల ఈ సామాన్లు దొరుకుతాయి. రెండు స్పీకర్లకూ ఒకేసారి, ఒకే సామానుతో చేయించడం ముఖ్యం. ఒకదానికే చేయిస్తే జత జతగా మిగలదు, గొంతు నడిమధ్య నిలవదు. సముద్రం వైపు కిటికీ కింద పెట్టకుండా ఎదురు గోడకు మార్చడం, వారానికి కొన్ని గంటలైనా మోగించడం, గుడ్డ కప్పినా గాలాడనివ్వడం ఖర్చు లేని జాగ్రత్తలు.

ఇంకా తేలనివి

సాఫ్ట్‌వేర్ సర్దుబాటును ఎంతవరకు అనుమతించాలన్నది మొదటి చిక్కు. పన్నెండడుగుల పొడవున్న గది సుమారు 47 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఆ మోతను తగ్గించడంలో సాఫ్ట్‌వేర్‌కు ఎదురులేదన్నదానిపై వాదం లేదు. 300 హెర్ట్జ్ దాటాక అది గదిని సరిచేస్తోందా, స్పీకర్ సొంత గుణాన్ని చెరుపుతోందా అన్నదాని మీద నిపుణులే చీలి ఉన్నారు. పాత స్పీకర్లను కోరి పెట్టుకున్నవాడు సర్దుబాటును అక్కడితో ఆపమనడం సబబుగా కనిపిస్తుంది, డిరాక్ లాంటివి ఆ వీలు ఇస్తాయి కూడా. ఎండిన ట్వీటర్‌ను దాచడానికి పై స్వరాలను సాఫ్ట్‌వేర్‌తో పెంచడం మాత్రం ఏ పక్షం ప్రకారం చూసినా తప్పే.

రెండోది బాగుచేతకు సంబంధించినది. ఫోమ్ తీసి రబ్బరు వేస్తే సముద్రపు గాలికి నిలుస్తుంది, కానీ రబ్బరు బరువెక్కువ. దాంతో ఊఫర్ సహజ కంపనం మారుతుంది, ఆ కంపనం చుట్టూ లెక్కగట్టిన పెట్టె పరిమాణం తప్పిపోవచ్చు. నెవిల్ థీల్ 1961లో వేసిన పునాది మీద రిచర్డ్ స్మాల్ 1970ల్లో పూర్తిచేసిన సూత్రాలతో ఈ మార్పును ముందే లెక్కించవచ్చు. కంపెనీ స్పీకర్లకైతే అసలు కొలతలు దొరుకుతాయి. వడ్రంగి చేసిన పెట్టెలకు అలాంటి కాగితం ఏదీ లేదు. వాటిని బాగుచేసే ముందూ, చేసిన తర్వాతా రిసీవర్‌తో వచ్చిన మైకుతోనో ఫోన్‌కి తగిలే కొలత మైకుతోనో రెండు స్పీకర్లనూ విడివిడిగా కొలిచి, ఆ రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయో లేదో చూడాలి. పడకపోతే సెంటర్ గురించీ అట్మాస్ గురించీ ఆలోచించే ముందు ఆ రెండింటినీ మళ్లీ మెకానిక్ బల్ల మీదికి పంపాలి.